కడుపుతో ఉన్నప్పుడు మెదడులో కణితి బయటపడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

గర్భిణికి మెదడులో కణితి ఉందని తెలిసిన రోజునే ఇంట్లో రెండు సలహాలు మొదలవుతాయి. ఒకరు ‘ముందు కడుపు తీయించేయండి, తర్వాత వైద్యం చూసుకుందాం’ అంటారు. ఇంకొకరు ‘కాన్పు అయ్యేదాకా తల జోలికి వెళ్లొద్దు’ అంటారు. రెండూ ప్రేమతో చెప్పే మాటలే. కానీ చాలామంది విషయంలో రెండూ తప్పే. తల్లికి వైద్యం చేస్తూనే గర్భాన్ని నిలుపుకోవడం చాలా సందర్భాల్లో సాధ్యం. ఏ వైద్యం ఏ నెలలో చేయాలన్నదే అసలు చిక్కు. ఆ చిక్కును అర్థం చేసుకోవడానికే ఈ ప్రశ్నలూ జవాబులూ. మీ విషయంలో నిర్ణయం మాత్రం మీ స్కాన్ చూసిన డాక్టర్లదే.

గర్భం వల్లే ఈ కణితి వచ్చిందా?

రాలేదు. గర్భిణుల్లో మెదడు కణితులు అదే వయసున్న మిగతా స్త్రీలలో కంటే ఎక్కువగా వస్తాయనడానికి ఆధారం లేదు. కణితి చాలావరకు ముందు నుంచే ఉండి ఉంటుంది. అది బయటపడిన సమయమే ఇది.

అయితే గర్భం దాన్ని రెచ్చగొట్టగలదు. గర్భిణి ఒంట్లో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, నీరు కూడా ఎక్కువగా నిలుస్తుంది. కణితి చుట్టూ ఉన్న వాపు దీంతో ఎక్కువ కావచ్చు. మెదడు పొరల నుంచి పుట్టే మెనింజియోమాల్లో ఎక్కువ భాగానికి ప్రొజెస్టిరాన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. గర్భంలో ఆ హార్మోను పెరుగుతుంది కాబట్టి కొన్ని మెనింజియోమాలు పెరిగి, కాన్పు తర్వాత మళ్లీ కొంత తగ్గుతాయి. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి (పిట్యూటరీ) ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా గర్భంలో ఉబ్బుతుంది. అక్కడ ముందే కణితి ఉంటే చోటు చాలక కంటి నరాల మీద ఒత్తిడి పడుతుంది.

గ్రహణం రోజున బయటికి వెళ్లడం వల్లనో, తినకూడనిది తినడం వల్లనో ఇది జరగలేదు. ఈ మాట కోడలి కంటే ముందు అత్తగారు వినాలి.

వాంతులు, తలనొప్పి కడుపుతో ఉన్న అందరికీ ఉంటాయి కదా. ఎప్పుడు అనుమానించాలి?

రోగాన్ని ఆలస్యంగా పట్టుకోవడానికి మొదటి కారణం సరిగ్గా ఇదే. వేవిళ్లు అనుకుంటూ వారాలు గడిచిపోతాయి.

వేవిళ్లకు ఒక తీరు ఉంటుంది. రెండో నెలలో మొదలై, ఎక్కువ మందిలో నాలుగో నెల దాటేసరికి తగ్గుముఖం పడతాయి. అలా తగ్గినవి ఆరో నెలలో తిరిగి వచ్చినా, అంతకుముందు లేని వాంతులు అప్పుడే కొత్తగా మొదలైనా వేవిళ్లని సరిపెట్టుకోకూడదు. తెల్లవారుజామున తలనొప్పితో మెలకువ రావడం, పడుకున్నా దగ్గినా ముక్కినా నొప్పి ఎక్కువ కావడం, వాంతి అయ్యాక తల కొంచెం తేలిక పడటం తల లోపల ఒత్తిడి పెరిగిందనడానికి గుర్తులు. ఒకటి రెండుగా కనిపించడం, చూపు మసకబారడం, నడకలో తూలడం, ఒక చెయ్యో కాలో బలహీనపడటం, మాట తడబడటం, మనిషి తీరు మారిపోవడం వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇక్కడ ఒక చవకైన పరీక్ష గురించి చెప్పాలి. కంటి డాక్టరు చుక్కల మందు వేసి కంటి వెనుక భాగాన్ని చూస్తే, తల లోపల ఒత్తిడి బాగా పెరిగినవారిలో చాలామందికి కంటి నరం మొదలు వాచి కనిపిస్తుంది. ఎంఆర్ఐ లేని చిన్న పట్టణంలోనూ ఇది కుదురుతుంది. నరం వాచకపోతే కణితి లేదని కాదు. వాచి ఉంటే మాత్రం ఆ రోజే పెద్దాసుపత్రికి బయలుదేరాలి.

ఫిట్స్ వస్తే అది గుర్రపువాతమా, కణితా?

అయిదో నెల దాటిన గర్భిణికి ఫిట్స్ వస్తే డాక్టర్లు ముందుగా అనుమానించేది గుర్రపువాతాన్నే, అంటే గర్భంలో బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌నే. అది సరైన పద్ధతి. బీపీ చూస్తారు, మూత్రంలో ప్రొటీన్ చూస్తారు, మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. బీపీ మామూలుగా ఉన్నా, ఫిట్స్ ఒక పక్కనే వచ్చినా, తర్వాత ఒక చెయ్యో కాలో పడిపోయినా, స్పృహ సరిగా రాకపోయినా తలకు స్కాన్ తీయాల్సిందే.

మూడో అవకాశం కూడా ఉంది. మెదడు నుంచి చెడు రక్తాన్ని తీసుకెళ్లే సిరల్లో రక్తం గడ్డకట్టడం. మన దేశంలో ఇది బాలింతల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కాన్పు తర్వాత ‘నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది’ అంటూ బాలింతకు గుక్కెడు నీళ్లు కూడా కొలిచి ఇచ్చే పథ్యం ఈ ముప్పును పెంచుతుంది. లక్షణాలు కణితి లక్షణాల లాగే ఉంటాయి, వైద్యం పూర్తిగా వేరు. తేల్చేది స్కానే.

ఫిట్స్ వచ్చిన మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచాలు, చేతిలో తాళాలు పెట్టవద్దు. 108కి ఫోన్ చేయండి.

స్కాన్ తీస్తే బిడ్డకు హాని జరగదా?

ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు. అవసరమైతే మూడు నెలల్లోపు కూడా తీయవచ్చు. నెలలు నిండినవారిని వెల్లకిలా కాకుండా కొంచెం ఎడమవైపు ఒరిగేలా దిండు పెట్టి పడుకోబెడతారు.

జాగ్రత్త పడాల్సింది ఎంఆర్ఐ మధ్యలో నరానికి ఎక్కించే గాడోలినియం మందు విషయంలో. అది మాయను దాటి బిడ్డ ఒంట్లోకి, ఉమ్మనీటిలోకి చేరుతుంది. కెనడాలోని ఒంటారియోలో జరిగిన లక్షలాది కాన్పుల వివరాలను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో రెండు విషయాలు తేలాయి. మొదటి మూడు నెలల్లో మందు లేకుండా తీసిన ఎంఆర్ఐ వల్ల బిడ్డలకు ముప్పు పెరగలేదు. గాడోలినియం ఇచ్చినవారిలో మాత్రం మృత శిశు జననాలు, పుట్టిన కొద్ది రోజులకే బిడ్డ పోవడం, పిల్లల్లో కొన్ని చర్మ, కీళ్ల సమస్యలు ఎక్కువగా కనిపించాయి. అందుకే ఆ మందు లేకుండా నిర్ణయం తీసుకోలేని పరిస్థితిలోనే వాడతారు. స్కాన్ గదిలోకి వెళ్లేముందు అక్కడున్న టెక్నీషియన్‌కు ‘నేను గర్భిణిని’ అని మీ నోటితో చెప్పండి. చీటీలో రాసి ఉందిలే అనుకోవద్దు.

సీటీ స్కాన్ అంటే భయపడేవారు ఎక్కువ. తలకు తీసే సీటీలో బిడ్డకు చేరే రేడియేషన్ 0.01 మిల్లీగ్రే లేదా అంతకంటే తక్కువ. ఇంతలోపు బిడ్డకు హాని కనిపించలేదని వైద్య సంఘాలు చెప్పే హద్దు 50 మిల్లీగ్రే. తొమ్మిది నెలల్లో ప్రకృతి నుంచే బిడ్డకు అందే రేడియేషన్ కూడా తల సీటీలో చేరే దానికంటే చాలా ఎక్కువ. అర్ధరాత్రి ఫిట్స్‌తో వచ్చిన గర్భిణికి ‘కడుపుతో ఉంది కాబట్టి సీటీ తీయం’ అనడం జాగ్రత్త కిందికి రాదు. దానివల్ల నష్టపోయేది తల్లే.

కణితి అంటే క్యాన్సరేనా?

అన్నీ కావు. మెనింజియోమాలు, పీయూష గ్రంథి కణితులు, వినికిడి నరం మీద వచ్చే ష్వానోమాలు ఎక్కువగా క్యాన్సర్ కానివే. మెదడులోని ఆధార కణాల నుంచి పుట్టే గ్లయోమాలకు తీవ్రతను బట్టి 1 నుంచి 4 వరకు గ్రేడ్లు ఉంటాయి. నెమ్మదిగా ఏళ్ల తరబడి సాగేవీ ఉన్నాయి, నెలల్లో మీదపడేవీ ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ లాంటివి మెదడుకు పాకడం మరో రకం.

గర్భంతోనే ముడిపడినది కోరియోకార్సినోమా. ముత్యాల గర్భం (బిడ్డకు బదులు మాయ కణాలు గుత్తులుగా పెరిగే గర్భం) తర్వాతనో, గర్భస్రావం లేదా మామూలు కాన్పు తర్వాతనో మాయ కణాల నుంచి పుట్టే క్యాన్సర్ ఇది. మెదడుకు పాకితే అక్కడ రక్తస్రావం అవుతుంది. భయం గొలిపే పేరే గానీ కీమోథెరపీకి బాగా లొంగే క్యాన్సర్లలో ఇదొకటి. ఈమధ్యే గర్భస్రావమో కాన్పో అయిన యువతికి మెదడులో కారణం తెలియని రక్తస్రావం కనిపిస్తే గర్భ హార్మోనును చూసే హెచ్‌సీజీ రక్త పరీక్ష తప్పక చేయాలి.

క్యాన్సర్ కాదన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండే వీలు లేదు. పుర్రె గట్టి పెట్టె. అందులో చెడు చోట పెరిగిన మంచి కణితి కూడా ప్రాణం మీదికి తేగలదు.

గర్భం తీయించుకోవాల్సిందేనా?

చాలామందికి అవసరం ఉండదు. కణితి నుంచి బిడ్డకు నేరుగా వచ్చే ప్రమాదం దాదాపు లేదు. బిడ్డకు ప్రమాదం తల్లి పరిస్థితి దిగజారడం వల్ల వస్తుంది. ఆగకుండా ఫిట్స్ రావడం, ఊపిరి అందకపోవడం, బీపీ పడిపోవడం లాంటివి. కాబట్టి తల్లిని నిలకడగా ఉంచే ప్రతి వైద్యమూ బిడ్డకు కూడా వైద్యమే.

గర్భస్రావం గురించి మాట్లాడాల్సి వచ్చే సందర్భాలు లేకపోలేదు. వేగంగా పెరిగే హై గ్రేడ్ కణితి మొదటి నెలల్లోనే బయటపడి, రేడియేషన్, కీమో రెండూ వెంటనే మొదలుపెట్టాల్సి వస్తే ఆ చర్చ నిజాయితీగా జరగాలి. మన దేశంలో 1971 నాటి గర్భస్రావ చట్టానికి 2021లో సవరణ జరిగింది. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య, నిబంధనల్లో చెప్పిన కొన్ని సందర్భాల్లో, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం తప్పదని డాక్టరు భావిస్తే ఈ వారాల హద్దు వర్తించదు.

మేజర్ అయిన మహిళ విషయంలో చట్టం అడిగేది ఆమె సమ్మతిని మాత్రమే. భర్త సంతకం, మామగారి ఒప్పుకోలు చట్టంలో లేవు. కౌన్సెలింగ్ గదిలో మాత్రం ప్రశ్నలన్నీ భర్త వైపు చూస్తూ అడగడం, జవాబులన్నీ తండ్రి చెప్పడం మనకు అలవాటైపోయింది. ఆమె స్పృహలో ఉంటే ఆమెనే అడగాలి.

ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు? కాన్పు దాకా ఆగవచ్చా?

నెలను బట్టి కాదు, మనిషిని బట్టి. స్పృహ తగ్గుతోంది, చూపు పోతోంది, మెదడు ఒక పక్కకు నెట్టుకుపోయిందని స్కాన్ చెబుతోంది అంటే ఏ నెలైనా ఆపరేషన్ ఆగదు. మెదడులో నీరు చేరి ఒత్తిడి పెరిగితే ముందు గొట్టం వేసి నీటిని బయటికి తీసి, కణితి సంగతి తర్వాత చూడటమూ ఉంటుంది.

మనిషి నిలకడగా ఉంటే ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. చిన్న మెనింజియోమా, నెమ్మదిగా పెరిగే గ్లయోమా, ఫిట్స్ మందులతో అదుపులో ఉన్నవారు చాలాసార్లు కాన్పు దాకా ఆగగలరు. ఆగడం అంటే ఊరుకోవడం కాదు. నిర్ణీత వ్యవధిలో పరీక్షలు, మళ్లీ ఎంఆర్ఐ, కంటి పరీక్షలు ఉంటాయి. ఆగలేం, కానీ అంత తొందర కూడా లేదు అన్నప్పుడు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలాన్ని ఎంచుకుంటారు. బిడ్డ అవయవాలు అప్పటికి రూపుదిద్దుకుని ఉంటాయి, గర్భాశయం మరీ పెద్దదై ఉండదు, నొప్పులు ముందే వచ్చే భయం తక్కువ.

బిడ్డ 34 వారాలకు అటూ ఇటూ ఉంటే ముందు సిజేరియన్ చేసి, వెంటనేనో కొద్ది రోజులకో తలకు ఆపరేషన్ చేసే పద్ధతి ఉంది. 24 నుంచి 34 వారాల మధ్య ముందుగా కాన్పు చేయాల్సి వస్తుందనిపిస్తే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు.

తలకు ఆపరేషన్ జరుగుతుంటే కడుపులో బిడ్డను ఎవరు చూస్తారు?

ఆ గదిలో ఏం జరుగుతుందో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. కాబట్టి వివరంగా చెబుతాను.

అయిదో నెల దాటాక గర్భిణిని వెల్లకిలా పడుకోబెడితే గర్భాశయం బరువు కింద ఉన్న పెద్ద సిరను నొక్కేస్తుంది. గుండెకు రక్తం తిరిగి రావడం తగ్గి బీపీ పడిపోతుంది, మాయకు రక్తం చాలదు. అందుకని కుడి తుంటి కింద ఏటవాలుగా ఉండే మెత్త పెట్టి, టేబుల్‌ను సుమారు 15 డిగ్రీలు ఎడమవైపు వంచుతారు. తలను పిన్నుల చట్రంలో బిగించేది ఆ తర్వాతే. గర్భిణుల్లో తిన్నది వెనక్కి తన్నే ప్రమాదం ఎక్కువ. అందువల్ల ఆమ్లం తగ్గించే మందు ముందే ఇచ్చి, మత్తు ఇచ్చిన వెంటనే గొంతులో గొట్టం వేస్తారు.

మిగతా న్యూరో ఆపరేషన్లలో మెదడు వాపు తగ్గించడానికి మత్తు డాక్టర్లు ఊపిరి వేగం పెంచి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిస్తారు. గర్భిణిలో అది ముందే మామూలు కంటే తక్కువగా ఉంటుంది. ఇంకా తగ్గిస్తే గర్భాశయానికి వెళ్లే రక్తనాళాలు ముడుచుకుంటాయి. మెదడుకు మేలు చేసేది బిడ్డకు చెరుపు చేసే ఇలాంటి చోట్లనే అనుభవమున్న మత్తు డాక్టరు విలువ తెలుస్తుంది. అసలు ఈ ఆపరేషన్లలో సర్జన్ పేరు అందరూ అడుగుతారు, మత్తు డాక్టరు ఎవరని అడిగేవారు అరుదు. అడగండి.

బిడ్డ గుండె చప్పుడును ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తప్పకుండా చూస్తారు. బయటికి తీస్తే బతికే వారాలు వచ్చి ఉంటే ఆపరేషన్ సాగుతున్నంతసేపూ గమనిస్తూ, పక్కనే గైనకాలజిస్టును, సిజేరియన్ సామగ్రిని, పిల్లల డాక్టరును సిద్ధంగా ఉంచుతారు. మత్తు వల్ల ఆ చప్పుడులోని హెచ్చుతగ్గులు తగ్గి కనిపిస్తాయి. అది ఒక్కటే ఆపదకు గుర్తు కాదు. మామూలు మోతాదుల్లో వాడే మత్తు మందుల వల్ల బిడ్డకు అవయవ లోపాలు వస్తాయని రుజువు కాలేదు.

మెలకువగా ఉంచి చేసే ఆపరేషన్ గర్భిణికి కుదురుతుందా?

2017లో గుంటూరులో, 2022లో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో, 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో రోగికి సినిమా చూపిస్తూ మెదడు ఆపరేషన్ చేశారన్న వార్తలు చాలామంది చదివే ఉంటారు. వారెవరూ గర్భిణులు కారు. మాట, చేతి కదలిక కాపాడటానికి ఆ పద్ధతి వాడతారు. ప్రపంచంలో కొద్దిమంది గర్భిణులకు కూడా ఇలా చేసి సఫలమయ్యారు. కణితి ఉన్న చోటు, నెలలు, ఆమె మనసు నిబ్బరం, ఆ బృందానికి ఉన్న అలవాటు అన్నీ కలిసి రావాలి. సినిమా ఉంటే చాలదు.

వాపు తగ్గించే మందులు, ఫిట్స్ మందులు బిడ్డకు మంచివేనా?

కణితి చుట్టూ వాపు తగ్గడానికి వాడేది డెక్సామెథసోన్. ఇది మాయను దాటుతుంది. ప్రెడ్నిసోలోన్‌ను మాయ చాలావరకు నిర్వీర్యం చేస్తుంది గానీ మెదడు వాపుకు డెక్సామెథసోన్ మెరుగ్గా పనిచేస్తుంది. అందుకే అవసరమైనంత తక్కువ మోతాదులో, తక్కువ రోజులు ఇస్తారు. దీనితో షుగర్ పెరుగుతుంది, కాబట్టి గర్భిణికి చేసే షుగర్ పరీక్షలు మరింత తరచుగా చేయాలి. కొన్ని వారాలు వాడాక మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయడం చాలా ప్రమాదం. మానిటాల్ సెలైన్ అత్యవసరంలో జాగ్రత్తగా, తక్కువ మోతాదులో వాడతారు.

ఫిట్స్ మందుల్లో ప్రస్తుతం డాక్టర్లు మొగ్గు చూపేది లెవెటిరాసెటం, లామోట్రిజిన్ వైపు. వాల్‌ప్రోయేట్‌కు వీలైనంత దూరంగా ఉండాలి. గర్భంలో అది వాడిన తల్లుల పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి అవయవ లోపం, పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదల, చదువు విషయాల్లో ఇబ్బందులు కనిపిస్తాయి. ఫెనిటాయిన్, టోపిరమేట్‌లకు కూడా వాటి ముప్పులు వాటికి ఉన్నాయి. ఇది చదివి ఈ రాత్రి మాత్ర మానేయకండి. గర్భంలో ఆగకుండా వచ్చే ఫిట్స్ తల్లికీ బిడ్డకూ ప్రాణాంతకం. డాక్టరు దగ్గరికి వెళ్లి మార్పించుకోవాలి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. గర్భంలో ఒళ్లు ఈ మందులను త్వరగా ఖర్చు చేస్తుంది. లామోట్రిజిన్ రక్తంలో సగానికి పడిపోవచ్చు, లెవెటిరాసెటం కూడా తగ్గుతుంది. అందుకే నెలలు నిండేకొద్దీ మోతాదు పెంచుతారు, కాన్పు కాగానే మళ్లీ తగ్గిస్తారు. పెంచిన మోతాదునే బాలింత కొనసాగిస్తే కళ్లు తిరగడం, తూలడం మొదలవుతుంది.

రేడియేషన్, కీమో సంగతేమిటి?

వీలైతే రెండూ కాన్పు తర్వాతే. రేడియేషన్ తలకే ఇస్తారు కాబట్టి కడుపు దూరంగానే ఉంటుంది. సరైన లెక్కలు, అడ్డు పలకలతో బిడ్డకు చేరే మోతాదును హాని చేసే స్థాయి కంటే బాగా కిందనే ఉంచవచ్చు. బిడ్డ మెదడు అన్నిటికంటే సున్నితంగా ఉండే కాలం 8 నుంచి 15 వారాలు. గడ్డు పరిస్థితిలో ఆ కాలం దాటాక రేడియేషన్ ఇచ్చి, బిడ్డలు ఆరోగ్యంగా పుట్టిన సందర్భాలు ఉన్నాయి. రేడియేషన్ లెక్కలు చూసే ఫిజిసిస్టు ముందే బిడ్డకు చేరే మోతాదు లెక్కగట్టి కాగితం మీద చూపించాలి. అడగడానికి మొహమాటపడవద్దు.

గ్లయోమాలకు వాడే టెమోజొలోమైడ్ గర్భంలో బిడ్డకు హాని చేయగల మందు. సాధారణంగా ఇవ్వరు.

ప్రొలాక్టిన్ గడ్డకు మందు వాడుతుండగానే నెల తప్పింది. ఇప్పుడేం చేయాలి?

కంగారు పడకుండా హార్మోన్ల డాక్టరుకు (ఎండోక్రైనాలజిస్టుకు) ఫోన్ చేయండి. పిల్లలు పుట్టడం లేదని వెళితే ప్రొలాక్టినోమా (పాల హార్మోను ప్రొలాక్టిన్‌ను ఎక్కువగా విడుదల చేసే పీయూష గ్రంథి గడ్డ) బయటపడి, క్యాబర్గోలిన్ లేదా బ్రోమోక్రిప్టిన్ వాడాక నెల తప్పినవారు మన చుట్టూ చాలామందే ఉన్నారు. గర్భం వచ్చిన తొలి వారాల్లో ఆ మందు ఒంట్లో ఉండటం వల్ల బిడ్డకు లోపాలు పెరిగినట్లు కనిపించలేదు.

గడ్డ 10 మిల్లీమీటర్ల కంటే చిన్నదైతే మందు ఆపేస్తారు. గర్భంలో అది పెరిగి ఇబ్బంది పెట్టేది నూటికి ఇద్దరు ముగ్గురిలోనే. అంతకంటే పెద్దదై, ముందు ఆపరేషన్ గానీ రేడియేషన్ గానీ జరగకపోతే సుమారు అయిదుగురిలో ఒకరికి పెరిగే అవకాశం ఉంది. అందుకని కొందరికి మందు కొనసాగిస్తారు. గర్భంలో ప్రొలాక్టిన్ ఎలాగూ పెరుగుతుంది కాబట్టి ఆ రక్త పరీక్ష పదేపదే చేయించడం డబ్బు దండగ. ఉపయోగపడేది చూపు పరిధి పరీక్ష. చుబుకాన్ని పరికరానికి ఆనించి, ఒక కన్ను మూసి, ఎదురుగా ఉన్న తెల్లటి డొప్పలోకి చూస్తూ చిన్న వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. రెండు పక్కలా చుక్కలు కనిపించడం మానేస్తే గడ్డ కంటి నరాలను నొక్కుతోందని అర్థం.

తలలో ఏదో పగిలినట్లు ఒక్కసారిగా నొప్పి, వాంతి, చూపు మందగించడం గడ్డలో రక్తస్రావానికి గుర్తులు. గంటల్లో ఆసుపత్రికి చేరాలి.

సిజేరియనే చేస్తారా? నడుముకు ఇంజెక్షన్ ఇవ్వవచ్చా?

చిన్న కణితి, ఒత్తిడి లేదు, ఫిట్స్ అదుపులో ఉన్నాయి అంటే మామూలు కాన్పుకు అడ్డులేదు. ముక్కడం వల్ల తలలో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి నొప్పి తెలియకుండా నడుములో సన్నని గొట్టం ద్వారా మందు పంపే ఎపిడ్యూరల్ ఇచ్చి, చివరి దశలో వాక్యూమ్ లేదా ఫోర్సెప్స్ సాయంతో త్వరగా బిడ్డను తీస్తారు. ఒత్తిడి ఎక్కువగా ఉంటే సిజేరియనే మేలు.

నడుముకు ఇచ్చే ఇంజెక్షన్ విషయంలో మాత్రం అజాగ్రత్త పనికిరాదు. పెద్ద కణితితో తలలో ఒత్తిడి ఉన్నవారికి వెన్ను దగ్గర నీటి పొరకు రంధ్రం పడితే, కింద ఒత్తిడి తగ్గి మెదడు కిందికి జారే ప్రమాదం ఉంది. అలాంటివారికి పూర్తి మత్తే ఇస్తారు. రాత్రిపూట నొప్పులతో ఏదో ఒక నర్సింగ్ హోమ్‌కు వెళ్లి, కణితి సంగతి చెప్పకుండా స్పైనల్ (నడుముకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్) వేయించుకోవడం కంటే ప్రమాదకరమైనది లేదు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగడానికి ఇచ్చే మెథర్జిన్ బీపీని ఒక్కసారిగా పెంచుతుంది కాబట్టి దాన్ని వదిలి ఆక్సిటోసిన్ వాడతారు.

ఏడో నెలలో పుట్టింటికి పంపవచ్చా?

పుట్టింటికి దగ్గరలో న్యూరోసర్జరీ, గైనకాలజీ, పిల్లల ఐసీయూ ఒకే చోట ఉన్న ఆసుపత్రి ఉంటే పంపండి. లేకపోతే అమ్మనే ఇక్కడికి పిలిపించండి. సీమంతం ఎక్కడైనా చేసుకోవచ్చు. ఎంఆర్ఐ సీడీ, మందుల చీటీ, ‘స్పైనల్ ఇవ్వవద్దు’ లాంటి డాక్టరు సూచన ఉన్న కాగితం ఆమె బ్యాగులోనే ఉండాలి. భర్త బీరువాలో ఉంటే ఎవరికీ ఉపయోగం లేదు.

ఖర్చు ఎలా?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మెదడు కణితి ఆపరేషన్లు ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షల రూపాయలు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి రేషన్ కార్డు, ఆధార్‌తో వెళ్లాలి. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది. పథకంలో రాని ఖర్చులకు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఆసుపత్రికి చెల్లింపు హామీ పత్రమైన ఎల్‌ఓసీ అడగవచ్చు. గాంధీ ఆసుపత్రి, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో న్యూరోసర్జరీ, ప్రసూతి విభాగాలు రెండూ ఉన్నాయి. ఇలాంటి రోగికి అది అద్దాల భవనం కంటే ముఖ్యం.

బిడ్డకు పాలు ఇవ్వవచ్చా?

లెవెటిరాసెటం, లామోట్రిజిన్, మామూలు మోతాదు స్టెరాయిడ్లతో ఇవ్వవచ్చు. ఎంఆర్ఐలో గాడోలినియం వాడినా పాలు పిండి పారబోయనక్కర్లేదు. టెమోజొలోమైడ్ వాడుతున్నప్పుడు, ఆపాక కనీసం వారం వరకు ఇవ్వకూడదు. క్యాబర్గోలిన్ వాడితే పాలే రావు.

నిద్ర చాలకపోతే ఫిట్స్ వస్తాయి. రాత్రి ఒక పూట పాలు డబ్బాతోనో, ముందే పిండి పెట్టినవో ఇంకొకరు పట్టాలి. చేతిలో బిడ్డ ఉండగా ఫిట్స్ రావచ్చు కాబట్టి బిడ్డకు స్నానం ఆమె ఒంటరిగా చేయించకూడదు. గుడ్డలు మంచం మీద కాకుండా నేల మీద పరుపు వేసి మార్చడం మంచిది.

తర్వాత ఏ గర్భనిరోధకం వాడాలి? మళ్లీ పిల్లల్ని కనవచ్చా?

మెనింజియోమా ఉన్నవారు ప్రభుత్వాసుపత్రుల్లో ‘అంతర’ పేరుతో మూడు నెలలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ జోలికి వెళ్లకపోవడం మంచిది. అందులో ఉండేది మెడ్రాక్సిప్రొజెస్టిరాన్. ఫ్రాన్స్‌లో మెనింజియోమా ఆపరేషన్ చేయించుకున్న 18 వేలకు పైగా మహిళల వివరాలతో 2024లో వెలువడిన అధ్యయనం, ఈ ఇంజెక్షన్‌ను ఏడాదికి మించి వాడినవారిలో ఆ కణితి ముప్పు ఎక్కువని చూపింది. ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వాడేవారిలో మాలా-ఎన్ లాంటి మాత్రలు సరిగా పనిచేయవు. ఈ చిక్కులేవీ లేనిది కాపర్-టీ.

మళ్లీ గర్భం దాల్చడం నిషిద్ధమేమీ కాదు. టెమోజొలోమైడ్ ఆఖరి మోతాదు తర్వాత మహిళలు కనీసం ఆరు నెలలు, అదే మందు వాడే పురుషులైతే మూడు నెలలు గర్భనిరోధం పాటించాలి. ఆ తర్వాత స్కాన్లు నిలకడగా ఉన్నాయా, ఫిట్స్ మందును సురక్షితమైన దానికి మార్చారా అన్నది చూసి నిర్ణయిస్తారు. గ్లయోమా ఉండి కూడా కనాలనుకునేవారు న్యూరోసర్జన్‌తో, ఆంకాలజిస్టుతో మాట్లాడాకే ప్రయత్నం మొదలుపెట్టాలి.

పుట్టిన బిడ్డకు ఈ కణితి వస్తుందా?

చాలావరకు రాదు. కొన్ని వంశపారంపర్య జబ్బుల్లో మాత్రమే ఆ అవకాశం ఉంటుంది. ఒంటి మీద గోధుమ రంగు మచ్చలు, చర్మం కింద ముద్దలు ఉండే న్యూరోఫైబ్రోమటోసిస్ వాటిలో తరచుగా కనిపించేది. తల్లికి అలాంటి మచ్చలున్నా, దగ్గరి రక్త సంబంధీకుల్లో చిన్న వయసులోనే మెదడు కణితులు వచ్చి ఉన్నా జన్యు పరీక్ష గురించి డాక్టరును అడగండి. లేకపోతే బిడ్డకు మామూలు టీకాలు, మామూలు తనిఖీలే.